పేర్లు లేని గొంతులు

నా పరిశోధనంతా మా ఇంట్లో భోజనాల బల్ల మీదే జరిగింది. పొద్దున టిఫిన్లయ్యాక బల్ల తుడిచి పుస్తకాలు పరుచుకోవడం, మధ్యాహ్నం కంచాలు పెట్టే వేళకి ఎత్తేయడం, మళ్ళీ పరుచుకోవడం. 2022 జూలైలో ఒక రాత్రి అలా ఎత్తేస్తున్నప్పుడే అది జరిగింది. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో పుస్తకాలతో లేచాను. వైరుకి వేలాడుతున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఊడి గచ్చు మీద పడింది. పడేటప్పటికి అది లోపల తిరుగుతూనే ఉంది. తప్పెవరిదీ కాదు. అత్తయ్య చారుగిన్నె పట్టుకుని బల్ల ఖాళీ అవడం కోసం నిలబడి ఉంది, అంతే.

అరచేతిలో పట్టే డబ్బా, పడింది కూడా మోకాలెత్తు నుంచి. ఏమీ కాలేదులే అనుకున్నాను. అన్నాలయ్యాక తగిలించి చూస్తే గోడ మీద బల్లి పలికినట్టు టిక్, టిక్, టిక్ అని ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద ఆ డిస్క్ పేరే లేదు.

అందులో ఏముందో చెప్పాలి. మన స్త్రీల పత్రికలకి రాసినవాళ్ళ మీద ఎంతో కొంత పని జరిగింది. 1883లో వీరేశలింగం పెట్టిన సతీహితబోధిని దగ్గర్నుంచి 1902 నాటి హిందూ సుందరి, పులుగుర్త లక్ష్మీనరసమాంబ నడిపిన సావిత్రి, 1928లో కేసరి మద్రాసులో మొదలుపెట్టిన గృహలక్ష్మి దాకా ఎవరు సంపాదకులు, ఎవరు ఏం రాశారు అన్నది కొంత తెలుసు. చదివినవాళ్ళెవరు? ఆ పత్రిక ఇంట్లోకి ఎలా వచ్చింది, ఎవరు తెప్పించారు, ఎప్పుడు చదివేవాళ్ళు, చదివింది ఎవరితో మాట్లాడేవాళ్ళు? నా పీహెచ్‌డీ ప్రశ్న ఇది. రచయిత్రికి చరిత్రలో ఒక మూలైనా దొరికింది, పాఠకురాలికి అదీ లేదు. అందుకని 2012 నుంచి 2016 దాకా చీరాల, వేటపాలెం, తెనాలి, ఏలూరు, రాజమండ్రి తిరిగి, చిన్నప్పుడో కొత్తగా కాపురానికొచ్చినప్పుడో ఆ పత్రికలు చదివిన 41 మంది పెద్దవాళ్ళతో మాట్లాడాను. అందరిలోకీ పెద్దావిడకి 94, చిన్నావిడకి 76. బియ్యం డబ్బాలో పత్రిక దాచుకున్నావిడ ఉంది. పొయ్యి ముట్టించడానికి తెచ్చిన చిత్తుకాగితాల్లోంచి సీరియల్ ముక్కలు ఏరుకుని చదివి, చివరికి ఏమైందో డెబ్భై ఏళ్ళుగా తెలియనావిడ ఉంది. ఆ మాటలన్నీ, వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుని తీసుకున్న వందల పేజీల ఫొటోలూ అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

వేరే కాపీ ఎందుకు లేదని అడగని వాళ్ళు లేరు. యూనివర్సిటీ నా దగ్గర సిద్ధాంత గ్రంథాన్ని అట్టలు వేయించి, బంగారు అక్షరాలు అద్దించి మరీ కాపీలు తీసుకుంది. సీడీలో కూడా తీసుకుంది. ఆ గ్రంథానికి ఆధారమైన గొంతుల్ని మాత్రం ఎవరూ అడగలేదు. అడగలేదు గనక నేనూ ఇవ్వలేదు. 12 మంది మాటలే పూర్తిగా టైపు చేశాను. మిగతావి "తర్వాత" చేద్దామనుకున్నాను. ఆ తర్వాతలో పెళ్ళి, పాప, మూడు కాలేజీల్లో గెస్ట్ ఫ్యాకల్టీ ఉద్యోగం. ఇది సాకు కాదు, జరిగిన వరస.

మా అమ్మమ్మ పాటల నోటుపుస్తకం గుర్తొచ్చింది. మంగళహారతులు, పెళ్ళిపాటలు, తలుపు దగ్గర పాటలు. అమ్మ పెళ్ళికి ముందు ఆ పుస్తకం ముందేసుకుని తనకోసం ఒకటి రాసుకుందట. పిన్ని కూడా రాసుకుంది. అందుకే అమ్మమ్మ పుస్తకానికి చెదలు పట్టినా పాటలు రెండిళ్ళలో ఉన్నాయి. ఇద్దరి పుస్తకాల్లో ఒకే పాట రెండు రకాలుగా ఉంటుంది, అది వేరే సంగతి. ఎత్తి రాసుకోవడం ఆడవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే. డాక్టరేట్ చేసిన నాకే అది తట్టలేదు.

మొదటి రెండు రోజుల్లో నేను చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఈసారైనా వస్తుందేమోనని పదిసార్లయినా తగిలించి చూసుంటాను. బోర్లించి, పక్కకి తిప్పి, ఆఖరికి చెవి దగ్గర పెట్టుకుని ఊపి కూడా చూశాను. ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్లో పెట్టమని ఒకరు చెబితే పెట్టబోయాను కూడా. పెట్టుంటే బయటికి తీశాక లోపల చెమ్మ పట్టి ఉన్నదీ పోయేదని తర్వాత తెలిసింది. పడిన డిస్క్‌ని మళ్ళీ నడిపించకపోవడమే మనం చేయగలిగిన ఒకే ఒక మంచి పని. టిక్కుమన్న ప్రతిసారీ లోపల ఏదో గీసుకుపోతూ ఉండొచ్చు.

ఆ గీసుకుపోవడం ఏమిటో అర్థం కావడానికి ఆ యంత్రం చరిత్ర కొంచెం చదువుకున్నాను. ఐబీఎం కంపెనీ 1956లో రామాక్ అనే కంప్యూటర్‌తో మొదటి హార్డ్ డిస్క్‌ని అమ్మకానికి తెచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు 50, ఒకదాని మీద ఒకటి. బీరువాలని మించిన పెట్టె, దాదాపు టన్ను బరువు. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్లో తీసే ఒకటి రెండు ఫొటోలకి సరిపోదు. పళ్ళెం మీద అయస్కాంతపు పొర, దాని మీద రాసే, చదివే చిన్న ముక్క. దాన్ని హెడ్ అంటారు, అంటే తల. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మారింది దూరం. నా డిస్క్‌లాంటి వాటిలో పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, తల దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి మీద తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం అంతకి వేల రెట్లు. అలా తేలుతున్నప్పుడు కింద పడితే తల వెళ్ళి పళ్ళేనికి కొట్టుకుంటుంది. తలా దెబ్బతింటుంది, తగిలినచోట రాత కూడా చెరిగిపోతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో డేటా రికవరీ చేసే ఒక చిన్న షాపు దొరికింది. పాతికేళ్ళుంటాయేమో ఆ అబ్బాయికి, డిస్క్‌ని ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని విని వెంటనే వైరు పీకేశాడు. "తలలు పోయినయి మేడమ్. వేరే డిస్క్ తలలు తీసి దీనికి పెట్టాలె" అన్నాడు. ఎల్లమ్మ కథలో తలలు తారుమారైన సంగతి గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. పరశురాముడు తల్లిని నరికినప్పుడు అడ్డుపడిన మాతంగి తల కూడా తెగిందనీ, మళ్ళీ బతికించేటప్పుడు ఒకరి తల ఒకరికి అతికిందనీ చెబుతారు. ఆ అబ్బాయి మాత్రం నవ్వులాటగా చెప్పలేదు. అదే మోడల్, అదే రకం, వీలైతే దగ్గర దగ్గర తేదీల్లో తయారైన డిస్క్ ఒకటి వెతికి, దాన్ని చంపి దీన్ని కాసేపు బతికించాలి. ఆ కాసేపట్లోనే ఉన్నదంతా వేరే డిస్క్ మీదికి ఎత్తి రాసుకోవాలి. తర్వాత రెండూ పనికిరావు. మొత్తం 28 వేలన్నాడు. గెస్ట్ ఫ్యాకల్టీగా నాకు నెలకి వచ్చేదానికి దగ్గర దగ్గర అది. అమ్మ చీటీ పాడి ఇచ్చింది. "ఆ ముసలాళ్ళ మాటలకా ఇంత?" అని ఒక్కసారే అడిగింది, మళ్ళీ అడగలేదు.

దుమ్ము చొరబడని గాజుపెట్టెలో చేతులు పెట్టి, మైక్రోస్కోప్‌లోంచి చూస్తూ అతను తలలు మార్చడం అద్దం ఇవతల నుంచి చూశాను. గోరు మీద సగానికి కూడా రాని ముక్కలు. అయ్యాక చేతులు విదిలించుకుంటూ, "అసల్ ఇది ఆడోళ్ళ చేతులతోని అయ్యే పని మేడమ్. ఫ్యాక్టరీల అంత వాళ్ళే చేస్తరంట" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. నా డిస్క్ వెనక థాయిలాండ్‌లో తయారైందని రాసుంది. అది నేను 2012లో ఫెలోషిప్ డబ్బుల్తో కొన్నాను. కొనేటప్పుడు షాపువాడు "వరదలమ్మా, రేట్లు పెరిగాయి" అంటే ఏ వరదలో అర్థం కాలేదు. 2011లో థాయిలాండ్‌లో వచ్చిన వరదలకి అక్కడి పారిశ్రామికవాడలు మునిగి, ప్రపంచమంతటా హార్డ్ డిస్కులకి కరువొచ్చిందన్నమాట. అమెరికన్ కంపెనీలు 1980ల మొదట్లో ఈ పనిని సింగపూర్‌కి, ఆ తర్వాత థాయిలాండ్, మలేషియాలకి తరలించాయి. మైక్రోస్కోప్ కింద తలలని అతికించడానికి కూర్చోబెట్టింది ఎక్కువగా అమ్మాయిల్నే. కారణం ఏం చెబుతారంటే, ఆడపిల్లల వేళ్ళు సన్నవి, చురుకైనవి, వాళ్ళకి ఓపికెక్కువ. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో ఫెమినిస్ట్ రివ్యూలో రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ మాటనే పట్టుకున్నారు. ఆ వేళ్ళ చురుకు పుట్టుకతో వచ్చింది కాదు, ఇంట్లో తల్లి దగ్గర కుట్టుపనీ వంటపనీ నేర్చుకుంటే వచ్చింది. ఇంట్లో నేర్చుకున్నది గనక దాన్ని ఎవరూ నైపుణ్యం అనరు. నైపుణ్యం కాదు గనక కూలి తక్కువ ఇవ్వొచ్చు. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటర్ జ్ఞాపకం కూడా ఇలాంటి వేళ్ళే అల్లాయి. అమెరికాలో వాల్తామ్ అనే ఊళ్ళో రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు సూదితో రాగితీగని చిన్నచిన్న అయస్కాంతపు ఉంగరాల్లోంచి దూర్చి అల్లారు. ఉంగరంలోంచి పోతే ఒకటి, పక్కనించి పోతే సున్నా. ఇంజనీర్లు దానికి "ముసలమ్మల మెమొరీ" అని సరదా పేరు పెట్టారు. అల్లినవాళ్ళందరూ ముసలమ్మలేం కాదు.

నా దగ్గర నిజంగానే ముసలమ్మల మెమొరీ ఉంది. దాన్ని మోసిన తలల్ని ఏ అమ్మాయి అతికించిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ అమ్మాయికి తెలుగనే భాష ఉందనైనా తెలిసి ఉంటుందో లేదో.

పదకొండు రోజుల తర్వాత ఫోనొచ్చింది. వెళ్ళేసరికి అతను హుషారుగా ఉన్నాడు. "చాలవరకు వచ్చింది మేడమ్. పేర్లు మాత్రం రాలే." 

పేర్లు రాకపోవడమంటే ఇది. ప్రతి డిస్క్ లోపలా ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫైలు పేరేమిటి, అది ఏ సంచిలో ఉంది, పళ్ళెం మీద ఎక్కడ మొదలవుతుంది అని. నా దాంట్లో తల గీసుకున్నచోటే ఆ పట్టిక ఉంది. అది పోతే, పళ్ళెం మీద ఉన్నదాన్ని మొదట్నుంచి చివరిదాకా చదువుకుంటూ పోయి, ఇక్కడ ఫొటో మొదలైనట్టుంది, ఇక్కడ పాట మొదలైనట్టుంది అని ఆనవాళ్ళని బట్టి విడదీయాలి. అలా విడదీసినవాటికి అంకెలే ఉంటాయి. ఫొటోలకి నయం, తీసిన తేదీ ఫొటో లోపలే దాగుంటుంది. నా రికార్డర్ ఫైళ్ళలో ఆ వివరమూ లేదు. నేను ఊరు, ఇంటిపేరు, పేరు, తేదీ రాసుకుని ఒక్కొక్కరికీ విడివిడిగా పెట్టుకున్న సంచులు పోయి, 00417, 00418, 00419 మిగిలాయి.

పరీక్షకని అతను ఒక అంకె మీద నొక్కాడు. పెద్ద స్పీకర్లు. ఒక ముసలావిడ గొంతు షాపంతా నిండిపోయింది. తన మొదటి కాన్పు గురించి, ఆ రాత్రి మంత్రసాని అన్న మాట గురించి చెబుతోంది. కౌంటర్ దగ్గర ఫోన్ బాగుచేయించుకోడానికొచ్చిన ఇద్దరు మగపిల్లలు ఇటు తిరిగారు. "ఆపండి, ఆపండి" అన్నాను. నేను అరిచినట్టున్నాను. అతను కంగారుపడి ఆపేశాడు. వంటింట్లో గడప మీద కూర్చుని, ఇంట్లో మగవాళ్ళు లేని వేళ చూసుకుని నాకు చెప్పిన మాట అది. ఎవరి చేతిలోనో పెట్టేసి, నా సరుకు నాకు తెచ్చిపెట్టమని అడిగానని అప్పుడు తెలిసొచ్చింది.

ఇంటికి తెచ్చుకుని వినడం మొదలుపెట్టాను. దాదాపు నాలుగు నెలలు పట్టింది. గొంతుని బట్టి మనిషిని పోల్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. ఎనభై దాటిన గొంతులు ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి, పళ్ళు లేకపోవడం వల్ల ఇంకానూ. వెనక వినబడేవి సాయం చేశాయి. రైలు చప్పుడుకి మాట ఆపి, పోయాక మళ్ళీ అందుకున్నావిడది చీరాలలో పట్టాల పక్క ఇల్లు. అరగంటకోసారి మోగే గోడగడియారం ఏలూరు. మనవడు హిందీ ఎక్కాలు వల్లెవేస్తున్న ఇల్లు రాజమండ్రి. నా కాగితపు డైరీ ఒకటి మిగిలింది, అందులో పేర్లూ తేదీలూ, ఎన్ని నిమిషాలు మాట్లాడామన్నదీ ఉన్నాయి. ఆ డైరీ దగ్గర పెట్టుకుని 33 మందిని గుర్తుపట్టాను. ఇంకా మూడు గొంతులున్నాయి, ఎవరివో తెలియడం లేదు. డైరీలో ఎనిమిది పేర్లున్నాయి, వాటికి గొంతు లేదు. ఆ ఎనిమిదిలో ముగ్గురు ఈ ముగ్గురే అయి ఉండాలి. ఎవరు ఎవరో తేల్చుకోలేకపోతున్నాను. మిగతా ఐదుగురూ పళ్ళెం మీదే చెరిగిపోయారు.

ఆ మూడు ఫైళ్ళకీ ఏం పేరు పెట్టాలో తోచక "ఒక స్త్రీ 1, 2, 3" అని పెట్టాను. పెట్టాక ఆ మాట ఎక్కడిదో తట్టింది. పాత పత్రికలు తిరగేసినవాళ్ళకి ఈ సంతకం కొత్త కాదు. ఫలానావారి భార్య, పొడి అక్షరాలు, ఒక స్త్రీ. తెలుగులోనే కాదు, 1882లో వచ్చిన సీమంతనీ ఉపదేశ్ అనే హిందీ పుస్తకాన్ని రాసినావిడ తనని "ఒక అజ్ఞాత హిందూ స్త్రీ" అనే చెప్పుకుంది. ధర్మవీర్ 1988లో దాన్ని మళ్ళీ అచ్చువేయించినా, అంత పదునుగా రాసినావిడ పేరేమిటో మనకి తెలియలేదు.

పేరు ఉంటే సరిపోతుందా అంటే అదీ లేదు. భండారు అచ్చమాంబ పేరు అచ్చులో ఉంది. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల వేసింది. 1902లో హిందూ సుందరిలో ధనత్రయోదశి కథ రాసింది. 1905లో, ముప్పై నిండిన కొద్దికాలానికే చనిపోయింది. అయినా మేం చదువుకున్నప్పుడు తెలుగులో తొలికథ 1910 నాటి దిద్దుబాటే, పరీక్షలో అలా రాస్తేనే మార్కు. ఎవరూ అచ్చమాంబ కథని చింపిపారేయలేదు. హిందూ సుందరి ప్రతులు లైబ్రరీల్లో బీరువాల్లోనే ఉన్నాయి. సాహిత్య చరిత్ర రాసినవాళ్ళు చూసుకునే పట్టికలో ఆవిడ లేదు, అంతే. నా డిస్క్ తలకిందులయ్యాకే నాకు ఈ తేడా సరిగ్గా అర్థమైంది. ఉన్నది పోవడం వేరు, ఉన్నదాని ఆచూకీ పోవడం వేరు. మన పరిశోధకులు చాలామంది చేసింది రెండోరకం పని. అంకెల వెంట అంకెలు తెరుచుకుంటూ పోవడం.

ఇంతవరకూ అయితే ఈ వ్యాసాన్ని నేను సంతోషంగానే రాసి ఉండేదాన్ని. 

నవంబరులో ఒక మధ్యాహ్నం, తెనాలి దగ్గరి పల్లెటూరి పెద్దమ్మ గొంతు రెండు ఫైళ్ళలో దొరికింది. నాకు బంధువేం కాదు, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొదట్లో మాటలు రెండింట్లోనూ ఒకటే, కుక్కర్ విజిల్ కూడా అదే చోట. ఒకటి 52 నిమిషాలు, ఇంకోటి 63. ఆ 11 నిమిషాల తేడా చూడగానే చేతులు చల్లబడ్డాయి.

2014లో ఆవిడ దగ్గర కూర్చున్నప్పుడు, పత్రికలూ చదువులూ అయ్యాక, ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. ఎన్నాళ్ళనించో ఎవరికో చెప్పాలనుకుంటున్నట్టు ఏకబిగిన చెప్పింది. చెప్పి, కాఫీ తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, "అమ్మాయ్, అది తీసెయ్. నీకు చెప్పాను గానీ నీ మిషన్‌కి చెప్పలేదు" అంది. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, ఈ హార్డ్ డిస్క్ తగిలించి, ఆ ముక్క కత్తిరించి మిగతాది వేరే ఫైలుగా పెట్టాను. అసలుదాన్ని చెరిపేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి చూపించాను. రికార్డర్‌లోదీ చెరిపేశాను. కళ్ళజోడు సర్దుకుని తెరలోకి వంగి చూసి, "పోయిందా?" అంది. "పోయింది పెద్దమ్మా" అన్నాను.

పోలేదు. హార్డ్ డిస్క్‌లో చెరపడమంటే ఆ పట్టికలోంచి ఫైలుని కొట్టేయడమే. పళ్ళెం మీద రాత అలాగే ఉంటుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా. ఎనిమిదేళ్ళు ఆ చోట ఇంకోటి రాయలేదు. పట్టికని పక్కనపెట్టి పళ్ళెమంతా చదివేసరికి, ఉంచమన్నవాళ్ళూ తీసెయ్యమన్నావిడా ఒకే వరసలో లేచి వచ్చారు. ఉంచమన్న ఐదుగురు రాలేదు, తీసెయ్యమన్నావిడ వచ్చింది.

ఆవిడ 2018లో చనిపోయింది. ఆ 11 నిమిషాల్లో ఏముందో ఇక్కడ రాయను. విన్నదాన్ని గనక నాకు తెలుసు. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయాన్ని తిరగరాయించే సంగతి అది, అంతవరకు చెప్పగలను. అందులో ఇంకో స్త్రీ పేరు కూడా ఉంది.

వెలికితీయడం అనే మాటని మా తరం స్త్రీవాద పరిశోధకులం చాలా గౌరవంగా వాడతాం. బెంగుళూరు నాగరత్నమ్మ దాకా వెళ్తుంది ఆ గౌరవం. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1887లో అచ్చువేసినప్పుడు కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠికనీ, కొన్ని పద్యాల్నీ తీసేశారు. నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పుస్తకం తెచ్చింది. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో తొలగి, 1952లో మళ్ళీ అచ్చయింది. తీసేసినదాన్ని తిరిగి పెట్టడం ఆవిడ చేసిన పని. నేనూ అదే చేస్తున్నానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ముద్దుపళని తన కావ్యాన్ని పదిమందీ చదవాలని రాసుకుంది. తన అవ్వ పేరూ తన పేరూ గర్వంగా చెప్పుకుంది. ఆ పద్యాల్ని తీసేసింది ఇంకొకరు. ఇక్కడ తీసెయ్యమన్నది చెప్పినావిడే.

ఒక స్నేహితురాలు ఒప్పుకోలేదు. "ఆవిడ భయపడి తీయమంది. ఆ భయం ఎవరు పెట్టారు? భయపెట్టినవాళ్ళు లేరు, పత్రిక లేదు, ఆవిడా లేదు. ఆ మౌనాన్ని నువ్వెందుకు కాపలా కాస్తావు? అది కూడా పితృస్వామ్యానికి సేవే" అంది. ఆ వాదనలో బలముంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు రికార్డు చేసి, 1986లో మనకు తెలియని మన చరిత్ర తేకపోయుంటే ఆ పోరాటం గురించి మనకి మగవాళ్ళు రాసిందే మిగిలేది. నేను రికార్డర్ పట్టుకోవడానికి కారణమే ఆ పుస్తకం. మాట్లాడించడమే మన పని అనే నేర్చుకున్నాను. మాట్లాడాక వెనక్కి తీసుకునే హక్కు గురించి ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. యూనివర్సిటీ నైతిక కమిటీ పత్రంలో దానికి ఒక గడి కూడా లేదు.

మౌఖిక చరిత్రలో దశాబ్దాలు పనిచేసిన ఒక పెద్దావిడకి ఫోన్ చేశాను. అంతా విని, "ఆవిడ బతికుంటే ఏం చేసేదానివి?" అని అడిగారు.

"వెళ్ళి, పోలేదు పెద్దమ్మా, నాకు తెలియక అబద్ధం చెప్పాను అని ఒప్పుకునేదాన్ని."

"తర్వాత?"

"ఏం చెయ్యమంటే అది చేసేదాన్ని."

"ఆవిడ ఏం చెయ్యమందో చెప్పనే చెప్పింది కదమ్మా" అన్నారు.

అలా అని వెంటనే చెరిపేయలేదు. మూడు నెలలు ఆ ఫైలు నా దగ్గర ఉంది. ఆ ఫైలుని మళ్ళీ వినలేదు, అది మాత్రం చేయలేదు. ఆ అధ్యాయం మాత్రం రెండుసార్లు తెరిచి, ఆ సంగతి ఎక్కడ పెడితే ఎలా ఉంటుందో చూసుకున్నాను. పేర్లు మార్చి రాస్తే? ఆ ఊళ్ళో ఆ పత్రిక తెప్పించుకున్న ఇళ్ళే మూడు. పేరు మార్చినా ఎవరో తెలిసిపోతుంది.

2023 ఫిబ్రవరిలో నా కంప్యూటర్‌లో దాన్ని తీసేశాను. ఈసారి తీసేయడమంటే ఏమిటో తెలుసుకుని, ఆ చోట సున్నాలు రాయించి మరీ. తర్వాత షాపుకి వెళ్ళాను. నా డిస్క్‌లోంచి ఎత్తి రాసిన మొదటి ప్రతి అక్కడే ఉండాలి. 

"ఎప్పుడో డిలీట్ కొట్టిన మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి.

"ఎలా డిలీట్ కొట్టారు?"

అతనికి అర్థమై నవ్వేశాడు. బీరువాలోంచి ఆ డిస్క్ తీసి, తగిలించి, మొదట్నుంచి చివరిదాకా సున్నాలు రాసే ప్రోగ్రాం పెట్టాడు. 500 జీబీ, రెండు గంటల దాకా పడుతుందన్నాడు. కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నాను. తెర మీద శాతాలు పెరుగుతుంటే మధ్యలో అతను టీ తెప్పించాడు. ఇంత డబ్బు పెట్టి తెప్పించుకున్నది ఎందుకు తుడిపించుకుంటున్నానో అడగలేదు. వందకి వచ్చాక లేచాను. 33 మంది గొంతులూ, ఒక స్త్రీ 1, 2, 3 కూడా ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, ఒక కాపీ మా అమ్మ దగ్గర.

వచ్చేటప్పుడు నా పాత డిస్క్‌ని కవరులో పెట్టి చేతికిచ్చాడు. తలలు లేవు, తిరగదు. కానీ పళ్ళెం మీద సున్నాలు రాయాలన్నా తల కావాలి. ఆ 11 నిమిషాలు దాని మీద అలాగే ఉన్నాయి. సుత్తి పెట్టి కొట్టేస్తే పోతుందన్నాడు. ఇంకా కొట్టలేదు. బీరువాలో అమ్మమ్మ చీరల కింద పెట్టాను.